నాయిన పడుకొని పోవడానికి ఒక కారు

మా అమ్మ శామీర్‌పేటలో పోయింది. తన చెల్లెల్ని చూడటానికి వెళ్ళింది, జ్వరం తగిలింది, తిరిగి రాలేదు. అప్పటికి నాయిన మేడ్చల్‌లో మా ఇంట్లో తుంటి ఎముక విరిగి మంచం మీద ఉన్నాడు. కబురు తెచ్చిన మనిషితో నేనొక్కదాన్నే వెళ్ళాను. చర్చి వెనక సమాధుల తోటలో అమ్మను పెట్టి, మట్టి వేసి, మరునాడు వచ్చి నాయినకు చెప్పాను. ఆయన అంతా విని, "ఏ పక్కకు పెట్టిర్రు?" అని అడిగాడు. రోడ్డు వైపు గోడ పక్కన అన్నాను. ఆ జవాబు ఆయనకు సరిపోలేదు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే చెప్పాను.

ఎముక అతుక్కుంది కాని వంకరగా అతుక్కుంది. కర్ర పట్టుకొని కాసేపు నిలబడగలడు, పడుకోగలడు. కూర్చోవడం మాత్రం ఆయన జీవితంలోంచి పోయింది. మిషను దవాఖానలో కాంపౌండరుగా ఎందరి నొప్పులకో మందు కలిపి ఇచ్చిన మనిషి తన నొప్పి గురించి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒక్క మాటే అనేవాడు: "ఒక్కసారి పోయి మీ అమ్మను జూసి రావాలె."

ఎడ్లబండిలో గడ్డి పరిచి, పరుపు వేసి ప్రయత్నించాము. రైలు గేటు దాటకముందే వెనక్కి తిప్పాము. మంచం మీద మోసుకుపోతామని చర్చి కుర్రవాళ్ళు ముందుకొచ్చారు. నాయిన ఒప్పుకోలేదు. "నలుగురు మంచం ఎత్తుకొని పోతుంటే తొవ్వ పొంటి జనం లేచి దండం పెడ్తరు. ఇంకా బతికే ఉన్ననయ్యా అని అందరికి చెప్పుకుంట పోవాల్నా నేను?" అన్నాడు.

అప్పుడు కారు వచ్చింది. దవాఖాన డాక్టరమ్మ ఉద్యోగం విరమించుకొని తన దేశం వెళ్ళిపోతూ తన పాత కారును నాయినకు ఇచ్చేసింది. యుద్ధం రోజులు. పెట్రోలు కూపన్ల మీద కూడా దొరికేది కాదు. కారు కొనేవాడు లేడు, పారేయడానికి ఆమెకు మనసు రాలేదు. గుడ్డ పైకప్పు చిరిగిపోయింది, తక్కినదంతా బాగానే ఉంది. నాయిన దాన్ని కిటికీలోంచి చాలాసేపు చూశాడు. ముందు ఎడమ సీటు తీసేస్తే వెనక సీటు నుంచి ముందు దాకా ఒక పలక వేయవచ్చన్నాడు. తల వెనక, కాళ్ళు ముందు. తొవ్వ చూసుకుంటూ పడుకొని పోవచ్చు. పెట్రోలు బదులు పక్కన బొగ్గుల పొయ్యి బిగించి ఆ గ్యాసుతో ఇంజను నడపవచ్చు. ఆ రోజుల్లో బస్సులన్నీ అలాగే నడిచేవి.

దారిలో ఒక వాగు ఉంది. వానలు పడితే కారు దాటదు. వానలు వెనకపట్టే దాకా తను ఉంటానని నాయిన అనుకోవడం లేదు. ఆయన పాదాలకు నీరు పడుతోంది. వేలితో నొక్కి, ఆ గుంట ఎంతసేపటికి నిండుతుందో చూసుకునేవాడు. నేను చూస్తే దుప్పటి కప్పుకునేవాడు. వేసవి ఇంకా మొదలే. ఒక పలక, ఒక పొయ్యి. వానల లోపల కాకపోవడానికి కారణం నాకు కనిపించలేదు.

స్టేషను దారిలో ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని యజమాని వడ్రంగి మేస్త్రీ. నాగళ్ళు, బండ్లు చేసేవాడు. ఒకసారి ఎవరో కాంట్రాక్టరు లారీకి చెక్క బాడీ కట్టాడు. ఆ లారీ ఊరి పొలిమేర దాకా బాడీతోనే వెళ్ళిందని చెప్పుకునేవారు. ఆ తరువాత షెడ్డు మీద మోటారు పనులు చేయబడునని రాయించాడు. ఇంజను సంగతి చూడటానికి అల్వాల్ వైపు పటాలంలో డ్రైవరుగా పనిచేసి వచ్చిన ఒక భాయ్‌ని పెట్టుకున్నాడు.

మేస్త్రీ కారు చుట్టూ తిరిగి, తట్టి, వంగి కిందికి చూసి, "గింతేనా పంతులమ్మా? పలక గొట్టుడే గదా. వచ్చే ఐతారం చర్చి ఇడిసినంక మీ నాయినను తోల్కపోవుడే," అన్నాడు.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి కారు నాలుగు రాళ్ళ మీద నిలబడి ఉంది. చక్రాలు లేవు.

"చక్రాలేవి మేస్త్రీ?"

"ఉన్నయమ్మా, యాడికి పోతయి? కల్లు కాంట్రాక్టరు బండికి పెట్టిన. రబ్బరు చక్రాలైతే కుండలు పగుల్తలేవంట."

"మా కారు చక్రాలు ఆయన బండికి ఎందుకు?"

మేస్త్రీ నన్ను జాలిగా చూశాడు. "పలక గొట్టేటప్పుడు కారు కదలొద్దమ్మా. చక్రాలుంటే కదుల్తది."

"మరి పలక కొట్టావా?"

"చెక్క ఎండుతాంది."

ఇంటికి వచ్చి నాయినకు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన ఆలోచించి, "కుండలు నిజంగా పగుల్తలేవా?" అని అడిగాడు.

మరోసారి వెళ్తే చక్రాలు వచ్చి ఉన్నాయి. కారుకు రంగు వేశారు. తలుపుల మీద చిలకలు, ద్రాక్ష గుత్తులు, వెనక ఒక పులి. పులి నోట్లో కూడా ఒక ద్రాక్ష గుత్తి ఉంది. పలక లేదు. నాకు మొదటినుంచీ అలంకారం గిట్టదు. అమ్మ సమాధి మీద పూలదండల బొమ్మ చెక్కిస్తామంటే కూడా వద్దని పేరు మాత్రం వేయించాను.

"నేను అడిగింది పలక," అన్నాను.

"చెక్క ఎండేదాకా చేతులు ఊకె ఉంటయా అమ్మా? ఏదో ఒకటి జెయ్యాలె గదా."

"మా నాయినకు పులి ఎందుకు?"

"ఎనక ఉన్నది, ఆయనకు కనపడదు. ఎనకొచ్చేటోళ్ళకు గది."

చెరిపేయమన్నాను. చెరిపాడు. తోక మిగిలింది, అది బాగా కుదిరిందని చెరపడానికి చెయ్యి రాలేదట. కారు వెనక చాలాకాలం ఆ తోక ఒక్కటే ఉండేది, దేనికీ అంటుకోకుండా.

నాయిన ఈ కబుర్ల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. బడి నుంచి వచ్చి నేను చెప్పులు విడుస్తుండగానే లోపలినుంచి, "ఇయ్యాల మన కారు ఏం జేసింది బిడ్డా?" అని వినిపించేది. చేయకుండా ఉన్న రోజులు తక్కువ. ఒకరోజు దాంట్లో కోడి పొదిగి కూర్చుంది, లేపితే పాపమన్నారు. ఒకరోజు బొగ్గుల పొయ్యి వచ్చింది. దాన్ని కారుకు బిగించారు కూడా. అయితే దాని మీద అన్నం వండుతున్నారు. "టెస్టింగు చేస్తున్నమమ్మా," అన్నాడు భాయ్. "పొయ్యి మంచిగ మండుతాంది. ఒక్క గంటల బువ్వ అయిపోయింది."

ఒక సాయంత్రం నేను బడి నుంచి వస్తుంటే బజారులో బాజాలు మోగుతున్నాయి. పెళ్ళి ఊరేగింపు. పక్కకు జరిగి నిలబడ్డాను. బాజాల వెనక మా కారు వచ్చింది. దాంట్లో పెళ్ళికొడుకు బాసికం కట్టుకొని కూర్చున్నాడు. ఇంజను ఆ వారం షెడ్డులో నేల మీద ఉంది, అందుకని పెళ్ళికూతురి అన్నదమ్ములు వెనకనుంచి తోస్తున్నారు. ముందు మేస్త్రీ ఎర్ర తలగుడ్డ చుట్టుకొని, చెయ్యి ఊపుతూ జనాన్ని పక్కకు జరుపుతున్నాడు. నన్ను చూసి ఏమాత్రం తడబడలేదు. "పంతులమ్మా! మంచిగ వచ్చిర్రు. బువ్వ తినిపోర్రి," అని అరిచాడు. పెళ్ళికొడుకు, పాపం, నేనే కారు యజమానురాలినని ఎవరో చెప్పగా, లేచి నిలబడి దండం పెట్టబోయి బాసికం పైకప్పు కమ్మీకి తగిలించుకున్నాడు.

ఆ కథ చెప్పినప్పుడు నాయిన నవ్వాడు. అమ్మ పోయిన తరువాత ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వితే తుంటి నొప్పి పెట్టింది. "ఇగ చెప్పకు, చెప్పకు," అని చెయ్యి అడ్డం పెట్టి, కాసేపు ఆగి, "బావమర్దులు తోస్తుండిరా?" అని అడిగి మళ్ళీ నవ్వాడు. నేనూ నవ్వాను. తరువాత దుప్పటి సర్దుతుంటే ఆయన పాదాలు కనిపించాయి. చర్మం మెరుస్తోంది. వాపు మోకాళ్ళ దాకా వచ్చింది.

వేసవి చివరికి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఉత్తరం నుంచి మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి. నేను బడికి సెలవు పెట్టి షెడ్డుకు వెళ్ళాను. ఒక పీట లాక్కొని కారు ముందు కూర్చొని, పలక కొట్టేదాకా కదలనని చెప్పాను.

మేస్త్రీ లోపలికి వెళ్ళాడు. పలక తెచ్చాడు. చెక్క ఎప్పుడో ఎండింది, నున్నగా చిత్రిక పట్టి కూడా ఉంది. దాన్ని వెనక సీటు నుంచి ముందు దాకా వేశాడు. సరిగ్గా సరిపోయింది. మేకు తీసి ఆనించాడు. సుత్తి ఎత్తాడు. దించాడు. మంచినీళ్ళు తాగి వచ్చాడు. మళ్ళీ మేకు ఆనించాడు, మళ్ళీ సుత్తి ఎత్తాడు, అల్లుడొచ్చిండేమో చూసొస్తానని బయటికి పోయాడు. ఆయనకు అల్లుడు లేడు.

ఇదంతా చూస్తూ బీడీ తాగుతున్న భాయ్ ఇక ఉండలేకపోయాడు. "అమ్మా, ఆయన నోట రాదు. నేను చెప్త. పరేషాన్‌ల ఉన్నడు."

"ఏమిటి సంగతి?"

"పలక ఎట్ల ఏసినా మీ నాయిన కాళ్ళు ముందుకొస్తున్నయి."

నాకు అర్థం కాలేదు.

"పండుకోని కాళ్ళు ముందు పెట్టుకోని పోయేది ఎవలమ్మా?" అన్నాడు భాయ్, గొంతు తగ్గించి. "మేస్త్రీ ఆళ్ళల్ల గట్లనే తీస్కపోతరు. పీనుగను. బతికున్న మనిషికి నా చేతుల్తోటి గసుంటి బండి ఎట్ల గట్టాలె అని మొదటి దినం నుంచి ఏడుస్తుండు. ఆ మాట మీతోని అనొద్దు. అంటె అదొక అపశకునం."

మేస్త్రీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వేసవి అంతా చక్రాలు, చిలకలు, కోడి, పెళ్ళికొడుకు అని తిప్పించింది ఈ ఒక్క మేకు కొట్టకుండా ఉండటానికని నాకు అప్పుడు తెలిసింది. కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను.

"మరి తల ముందుకు పెట్టి వేయి," అన్నాను.

మాట బయట పడింది కనుక మేస్త్రీకి నోరు వచ్చింది. "అది జూడలేదనుకున్నవా తల్లీ? తల ముందుకు పెడ్తె శామీర్‌పేట తొవ్వల సగం దాకా మంచిగనే ఉన్నది. తల తూర్పుకుంటది. చెరువు కట్ట కాడ తొవ్వ ఉత్తరానికి మల్లుతది. ఉత్తరానికి తలబెట్టి ఎవలన్న పండుకుంటరా? సరే, అక్కడ మనిషిని మలిపి తల దక్షిణానికి పెడ్దమంటె కాళ్ళు ముందుకొచ్చె. మళ్ళ మొదటికే వచ్చె."

"అయితే అక్కడ అడ్డంగా పడుకోవాలి," అన్నాను విసుగ్గా.

నేను అన్నది ఎగతాళికి. మేస్త్రీ మొహం వెలిగింది. "అడ్డం!" అన్నాడు. భాయ్ వైపు తిరిగి, "అడ్డమే! పలకను మేకుల్తోటి గొట్టుడెందుకు? ఇసుర్రాయి లెక్క తిరిగేటట్టు పెడ్త!" అన్నాడు.

ఇంటికి వచ్చి నాయినకు చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు.

"మనకు గవన్ని లేవు గదా నాయినా. ఒక్క మాట నువ్వు చెప్తే ఆ మేకు కొడతాడు."

"మనకు లేవు. ఆయనకున్నయి. పలక కొట్టేది ఆయన," అన్నాడు. కాసేపటికి, "మంచం మీద పోనని నేనన్నది ఏంది మరి? అది కూడ గదే గదా," అన్నాడు.

నెలల తరబడి కాని పని రెండు రోజుల్లో అయింది. పైకప్పు కమ్మీలు ఊడదీసి, కారు వెనక భాగం తలుపుల ఎత్తుకు పలకలతో చదును చేసి, మధ్యలో బండి ఇరుసు ముక్కను నిలువుగా దిగ్గొట్టి, దాని మీద పడక అమర్చాడు మేస్త్రీ. కదలకుండా ఒక కర్ర చీల. చీల తీస్తే పడక అటూ ఇటూ తిరుగుతుంది. పొడవుగా ఉన్నప్పుడు దాని కొస డ్రైవరు భుజం దాకా వస్తుంది. అడ్డంగా తిప్పితే తల ఒక పక్క, కాళ్ళు ఒక పక్క కారు బయటికి వస్తాయి. ఇంజను కూడా కారులోకి తిరిగి వచ్చింది.

ఆ ప్రయాణం తరువాత నాయిన ఎక్కువ కాలం లేడు. ఈ మాట చివరిదాకా దాచి చెప్పేది కాదు, అందుకని ఇక్కడే రాస్తున్నాను.

బయలుదేరిన ఉదయం ఆకాశం అంతా మబ్బు. భాయ్ బొగ్గులు అంటించి, విసిరి విసిరి, ఇంజను అందుకునేసరికి ఒళ్ళంతా నల్లబడ్డాడు. నాయిన తెల్ల పంచె కట్టుకొని, పడక మీద తల ముందుకు పెట్టి పడుకున్నాడు. నేను ఆయన పక్కన పలక మీద కూర్చున్నాను. మేస్త్రీ రాకపోతే పడక తిప్పేదెవరు? ఆయన చీల పట్టుకొని వెనక నిలబడ్డాడు.

మబ్బు వల్ల సూర్యుడు కనిపించలేదు. సూర్యుడు లేకపోతే మేస్త్రీకి దిక్కులు తెలియలేదు. రోడ్డు ఏమాత్రం వంగినా కంగారు పడి, "ఆపు, ఆపు! ఉత్తరం ఎటు?" అని అరిచేవాడు. దారిన పోయే ఒక ముసలామెను అడిగాడు. ఆమె తన ఊరు చూపించింది. చివరకు భాయ్ బండి నడుపుతూనే, "అరె, పడమర నన్ను అడుగు మేస్త్రీ. దినాం ఐదుసార్లు అటే మొగం పెట్టి నమాజు చేస్త. పడమర గిటు. ఇగ ఉత్తరం నువ్వు లెక్క పెట్టుకో," అన్నాడు. అప్పటినుంచి మలుపు వచ్చినప్పుడల్లా భాయ్ స్టీరింగు వదలకుండా గడ్డంతో పడమర చూపిస్తే, దాన్నిబట్టి మేస్త్రీ నాయినను తిప్పేవాడు.

చెరువు కట్ట దగ్గర రోడ్డు ఉత్తరానికి మళ్ళింది. మేస్త్రీ చీల తీసి పడకను అడ్డం తిప్పాడు. నాయిన తల కారుకు ఆ పక్క, పాదాలు ఈ పక్క బయటికి వచ్చి, రోడ్డంతా ఆయనే అయ్యాడు. ఎదురుగా ఒక ఎడ్లబండి వచ్చింది. ఎడ్లు ఆగిపోయాయి. బండివాడు లేచి నిలబడ్డాడు.

"ఏందిర గిది? మనిషేనా?"

"మనిషినే బిడ్డా," అన్నాడు నాయిన పడుకొనే. "జెర జరుగు."

బండివాడు బండిని పొలంలోకి దింపి దారి ఇచ్చాడు. మేము దాటిపోయిన తరువాత కూడా అతను తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని మా వెనకే చూస్తూ ఉన్నాడు. తోకను చూసి ఉంటాడు.

వాగులోకి దిగే ఏటవాలులో చీల ఎక్కడో జారిపోయింది. అక్కడినుంచి పడక ఎవరి మాటా వినలేదు. కారు కుడికి తిరిగితే నాయిన ఎడమకు తిరిగాడు. కారు కుదుపుకు ఒక చుట్టు పూర్తిగా తిరిగి వచ్చాడు. పడక కొస ముందుకు వచ్చినప్పుడల్లా భాయ్ "యా అల్లా" అని తల వంచేవాడు. మేస్త్రీ కిందికి దూకి పక్కన పరుగెత్తుతూ, ఉత్తరం వచ్చినప్పుడు తల పట్టుకొని, కాళ్ళు ముందుకు పోయినప్పుడు కాళ్ళు పట్టుకొని ఆపబోయి, రెండూ చేతికి అందక, "సార్, కాళ్ళు ముడుసుకోర్రి! ముడుసుకోర్రి!" అని అరిచాడు. నేను పలక మీద ఒదిగి, నాయిన చెయ్యి అందినప్పుడల్లా పట్టుకున్నాను. ఆయనకు నొప్పి పెడుతోందేమోనని వంగి చూశాను. ఆయన కళ్ళు తెరిచి ఆకాశం చూస్తున్నాడు.

"ఆపమంటావా నాయినా?"

"వద్దు. తుంటికి కుదుపు తగుల్తలేదు బిడ్డా, తిరుగుతాంది అంతే. పోనియ్యి."

వాగులో చీలమండ లోతు నీళ్ళు వచ్చి ఉన్నాయి. దాటాము. మేస్త్రీ ఒడ్డున వేప కొమ్మ విరిచి కొత్త చీల చెక్కాడు.

శామీర్‌పేట చర్చి వెనక సమాధుల తోట గేటు ఇరుకు, కారు పట్టదు. నాయినను దింపి మోసుకుపోదామని భాయ్, మేస్త్రీ సిద్ధమయ్యారు. నాయిన వద్దన్నాడు. అమ్మ సమాధి గోడకు అవతలి పక్కనే ఉందని నేను చెప్పాను కదా, రోడ్డు మీదనే గోడ వెంబడి పొమ్మన్నాడు. అక్కడ ఆపాము. గోడ పొట్టిది, పడక ఎత్తు దానికంటే కొంచెం ఎక్కువ.

"మీ అమ్మ తల ఎటున్నది?" అని అడిగాడు.

"గోడ వైపు. పడమర."

"కాళ్ళు తూర్పుకా?"

అవునన్నాను. మావాళ్ళను అలాగే పెడతారు, చనిపోయినవాళ్ళంతా లేచే రోజున తూర్పు చూస్తూ లేవాలని.

"నన్ను గట్లనే తిప్పుర్రి."

మేస్త్రీ కదల్లేదు. సమాధిలో మనిషి ఉన్నట్టే బతికిన మనిషిని పడుకోబెట్టడం ఆయనకు ఏ లెక్కలోనూ సరిపడలేదు. భాయ్ వైపు చూశాడు. భాయ్, "నిలబడ్డ బండికి ముందేది, ఎనకేది మేస్త్రీ? తల పడమరకే గదా, ఉత్తరం గాదు గదా. తిప్పు," అన్నాడు.

మేస్త్రీ చీల తీసి, రెండు చేతులతో మెల్లగా పడకను తిప్పాడు. నాయిన నడుము దాకా గోడ ఇవతల ఉన్నాడు, కాళ్ళు గోడ మీదుగా తోటలోకి వెళ్ళాయి. నేను తల కింద ఇంకో దిండు పెట్టాను. అమ్మ మట్టి దిబ్బ, దాని మీద పేరు ఉన్న రాయి, ఆయన పక్కనే కిందుగా ఉన్నాయి. ఆయన అవి చూశాడు. మేము ముగ్గురం కారుకు అటు పక్క నిలబడ్డాము.

తరువాత ఆయన మాట్లాడటం వినిపించింది. ప్రార్థన అనుకొని నేను తల వంచాను. ప్రార్థన కాదు. డాక్టరమ్మ కారు ఇచ్చిందని చెబుతున్నాడు. చక్రాలు కల్లు బండికి పోయాయని, కుండలు పగలలేదని చెబుతున్నాడు. పులి నోట్లో ద్రాక్షల సంగతి చెప్పాడు, పులిని నేను చెరిపించానని చెప్పాడు. తొందర లేకుండా, ఇంట్లో మంచం మీద పడుకొని పక్క మంచానికి చెప్పినట్టు చెబుతున్నాడు. పెళ్ళికొడుకు దగ్గరికి వచ్చాడు.

"గట్ల గాదు సార్," అన్నాడు మేస్త్రీ ఉండబట్టలేక. "నేను ఇయ్యలే. వాళ్ళే వచ్చి అడిగిర్రు. పెండ్లికి లేదంటె ఎట్ల?"

నాయిన ఆగాడు. మేస్త్రీ వైపు చెయ్యి చూపి, "గీయనే మేస్త్రీ," అన్నాడు అమ్మతో.

మేస్త్రీ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని, గోడ దగ్గరికి వచ్చి, "దండం తల్లీ," అన్నాడు.

"ఇగ బావమర్దులు ఎనకనుంచి తోస్తున్నరు," అని నాయిన మళ్ళీ అందుకున్నాడు.